తక్కువ ఖర్చు, ఎక్కువ మన్నిక: హైబ్రిడ్ సైకిల్‌కు ఏ టైరు మేలు?

సైకిల్ తొక్కే మనిషి, సైకిల్, భుజాన సంచి అన్నీ కలిపి 90 కిలోల బరువు అనుకుందాం. అంత బరువునూ నేల మీద మోసేవి రెండు చిన్న చోట్లు మాత్రమే. వెనుక టైరు రోడ్డును తాకే చోటు అగ్గిపెట్టె కంటే చిన్నది. ముందు టైరుది ఇంకా చిన్నది. బ్రేకు వేస్తే ఆగడం, మలుపులో జారకపోవడం, గాజు పెంకు మీద నుంచి వెళ్లినా గాలి పోకపోవడం, ఇవన్నీ ఆ కాస్త చోటు మీదే ఆధారపడి ఉన్నాయి. అయినా టైరు కొనడానికి వెళ్లినప్పుడు మనలో చాలామంది అడిగేవి రెండే ప్రశ్నలు. ఎంత? గట్టిగా ఉంటుందా?

రెండూ అడగవలసిన ప్రశ్నలే. చిక్కంతా 'గట్టి' అనే మాటలో ఉంది. ఆ ఒక్క మాటలో మూడు వేర్వేరు గుణాలు దాగి ఉన్నాయి. త్వరగా అరగకపోవడం ఒకటి. ముల్లు, మేకు లోపలికి దిగనివ్వకపోవడం రెండోది. ఎండకూ కాలానికీ పగుళ్లు తీయకపోవడం మూడోది. ఒకే టైరులో ఈ మూడూ సమానంగా ఉండవు. మనం రోజూ వెళ్లే దారిలో టైరు దేనివల్ల పాడవుతోందో ముందు తెలుసుకుంటే, ఏ గుణానికి డబ్బు పెట్టాలో, దేనికి పెట్టనక్కర్లేదో తేలిపోతుంది. తక్కువ ఖర్చుతో మన్నికైన టైరు కొనడంలో కిటుకంతా ఇదే.

సైజు దగ్గర పొరపాటు జరగకుండా

సన్న చక్రాలతో వేగంగా పోయే రోడ్ సైకిల్‌కు, గుంతల దారుల కోసం తయారైన మౌంటెన్ సైకిల్‌కు నడిమధ్యన ఉండేది హైబ్రిడ్ సైకిల్. తిన్నని హ్యాండిల్, నిటారుగా కూర్చునే వీలు, పెద్ద చక్రాలు, సాధారణంగా 35 నుంచి 42 మిల్లీమీటర్ల వెడల్పున్న టైర్లు దీని లక్షణాలు. నగరాల్లో ఆఫీసుకో కాలేజీకో రోజూ సైకిల్ మీద వెళ్లేవారికి బాగా అనువైన రకం ఇది.

టైరు పక్క భాగంలో సైజు అచ్చు వేసి ఉంటుంది. అయితే అంగుళాల్లో రాసిన అంకెలను నమ్మి కొంటే తికమక తప్పదు. మన పాతకాలపు పెద్ద సైకిళ్లకు వాడే '28 × 1½' టైరు, మౌంటెన్ సైకిళ్ల '29 అంగుళాల' టైరు పక్కపక్కన పెట్టి చూడండి. 29 పెద్దదని అనుకుంటాం. కానీ రిమ్ము మీద కూర్చునే చోట కొలిస్తే 28 టైరు వ్యాసం 635 మిల్లీమీటర్లు, 29 టైరు వ్యాసం 622 మిల్లీమీటర్లు! వేర్వేరు దేశాల్లో, వేర్వేరు కాలాల్లో పుట్టిన కొలతలు కలగాపులగం కావడం వల్ల వచ్చిన గందరగోళం ఇది.

దీన్ని సరిచేయడానికే ఐఎస్ఓ 5775 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. ఆ పద్ధతిలో సైజును '38-622' అని రాస్తారు. మొదటి అంకె గాలి నిండిన టైరు వెడల్పు, రెండోది రిమ్ము మీద టైరు కూర్చునే చోటి వ్యాసం. రెండూ మిల్లీమీటర్లలోనే. '700సి' అని పిలిచే హైబ్రిడ్ చక్రాలకు రెండో అంకె 622 ఉండాలి. 27.5 అంగుళాల చక్రాలకు 584, పాత 26 అంగుళాల మౌంటెన్ సైకిల్ చక్రాలకు 559 ఉంటుంది. ఈ రెండో అంకె తప్పకుండా కలవాలి. ఒక్క మిల్లీమీటరు కూడా సర్దుబాటు కుదరదు. మొదటి అంకెలో మాత్రం కొంత వెసులుబాటు ఉంది. ఫోర్కుకూ మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య చుట్టూ 5 మిల్లీమీటర్లయినా ఖాళీ మిగిలేటట్టుంటే 35 స్థానంలో 38 గానీ 40 గానీ వేసుకోవచ్చు. వానాకాలంలో బురద ఇరుక్కోకుండా ఉండడానికి ఆ ఖాళీ అవసరం.

టైరు లోపల ఏముంది?

1888లో బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయ్డ్ డన్‌లప్ అనే పశువైద్యుడు తన కొడుకు మూడు చక్రాల సైకిల్ కోసం చేసిన గాలి టైరుకు పేటెంటు తీసుకున్నాడు. నిజానికి రాబర్ట్ విలియం థామ్సన్ అనే స్కాట్లాండ్ ఇంజినీరు 1845లోనే ఇలాంటిదాన్ని పేటెంటు చేశాడు గానీ అప్పటికి దాన్ని వాడుకునే సైకిళ్లు లేవు. గట్టి రబ్బరు పట్టీ వేసిన చక్రం కంటే గాలి నింపిన చక్రం హాయిగా ఉండడమే కాదు, తేలిగ్గా దొర్లుతుంది కూడా. బరువును మోసేది రబ్బరు కాదు, లోపల బిగించిన గాలి. రబ్బరు, దారాలు ఆ గాలిని పట్టి ఉంచే సంచి మాత్రమే.

ఆ సంచిలో మూడు పొరలను గమనించాలి. మొదటిది నైలాన్ దారాల అల్లిక. టైరు ఆకారాన్ని నిలబెట్టేది ఇదే. అంగుళానికి ఎన్ని దారాలున్నాయో కొన్ని టైర్ల మీద రాస్తారు. దారాలు ఎక్కువ ఉంటే అవి సన్నగా ఉంటాయి, టైరు తేలికగా, మృదువుగా ఉంటుంది. దారాలు తక్కువ ఉంటే అవి లావుగా ఉంటాయి, మధ్యన రబ్బరు ఎక్కువ పడుతుంది. అలాంటి టైరు బరువుగా ఉన్నా రాయి గీసుకుంటే త్వరగా చీలిపోదు. రోజువారీ ప్రయాణానికి అంగుళానికి 60 దారాలకు మించి వెతకనక్కర్లేదు.

రెండోది రోడ్డును తాకే రబ్బరు. రబ్బరు చెట్టు పాల నుంచి వచ్చే ముడి రబ్బరు ఎండకు జిగురులా సాగుతుంది, చలికి బిగుసుకుపోతుంది. గంధకం కలిపి వేడి చేస్తే దాని పొడవాటి అణువుల మధ్య వంతెనల్లాంటి బంధాలు ఏర్పడి స్థిరమైన సాగే గుణం వస్తుంది. ఈ వల్కనీకరణ పద్ధతికి చార్లెస్ గుడ్‌ఇయర్ 1844లో అమెరికాలో పేటెంటు పొందాడు. ఇక టైరు నల్లగా ఉండడం అందం కోసం కాదు. అందులో కలిపే కార్బన్ బ్లాక్ అనే మసి రబ్బరు అరుగుదలను బాగా తగ్గిస్తుంది, అతినీలలోహిత కిరణాలను అడ్డుకుంటుంది.

మూడోది పంక్చర్ నిరోధక పొర. ట్రెడ్‌కూ దారాల అల్లికకూ మధ్య ఉండే పట్టీ ఇది. కొన్ని టైర్లలో దగ్గరగా నేసిన నైలాన్ పట్టీ ఉంటుంది. కొన్నిటిలో కెవ్లార్ లాంటి అరామిడ్ నార ఉంటుంది. 1965లో డ్యూపాంట్ సంస్థలో స్టెఫనీ క్వోలెక్ కనుగొన్న ఈ నారనే తూటాలు ఆపే కవచాల్లోనూ వాడతారు. మరికొన్ని టైర్లలో కొన్ని మిల్లీమీటర్ల మందంతో మెత్తని సాగే రబ్బరు దిండు ఉంటుంది. నార పట్టీ గాజు ముక్కలను బాగా ఆపుతుంది గానీ సూది లాంటి ముల్లు దాని పోగుల సందుల్లోంచి దూరగలదు. మందమైన దిండు ఉంటే ముల్లు కొస ట్యూబు దాకా చేరదు. అయితే టైరు బరువు పెరుగుతుంది.

మెత్తదనానికి ఒక లెక్క

మందమైన టైరు కొంటే సరిపోతుంది కదా అనిపించవచ్చు. దానికి కాళ్లు చెల్లించే మూల్యం ఒకటుంది. చక్రం తిరుగుతున్నప్పుడు టైరులో ప్రతి భాగమూ నేలను తాకే క్షణంలో వంగి, వదిలాక మళ్లీ సాగుతుంది. వంచడానికి పెట్టిన శక్తి అంతా రబ్బరు తిరిగి ఇవ్వదు. కొంత వేడిగా మారిపోతుంది. శాస్త్రజ్ఞులు దీన్ని హిస్టెరిసిస్ అంటారు. మందం ఎక్కువైనా, రబ్బరు నాసిరకమైనా ఈ నష్టం పెరుగుతుంది.

ఎంత పెరుగుతుంది? 90 కిలోల మొత్తం బరువుతో గంటకు 18 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నామనుకుందాం. బాగా దొర్లే టైర్లలో ఈ నిరోధం బరువులో 0.6 శాతం దాకా ఉంటే, మొద్దు టైర్లలో 1 శాతం దాకా ఉండవచ్చు. మొదటి వాటికి సుమారు 26 వాట్లు, రెండో వాటికి సుమారు 44 వాట్లు ఖర్చవుతాయి. తేడా 18 వాట్లు, అంటే రెండు చిన్న ఎల్ఈడీ బల్బులు వెలిగేంత. ఆయాసం లేకుండా తొక్కే మామూలు మనిషి కాళ్ల నుంచి వచ్చేది 75 నుంచి 100 వాట్లే కాబట్టి ఈ తేడా చిన్నదేమీ కాదు. రోజూ 4 కిలోమీటర్లు వెళ్లేవారు పట్టించుకోనక్కర్లేదు. 15 కిలోమీటర్లు వెళ్లేవారికి మాత్రం సాయంత్రానికి మోకాళ్లే చెబుతాయి.

ట్రెడ్ గీతలు దేనికి?

షాపులో కంటికి ముందుగా కనిపించేది ట్రెడ్. లోతైన గీతలు, పెద్ద గుబ్బలు ఉంటే వానలో జారదని ఒక నమ్మకం. కార్ల విషయంలో అందులో నిజం ఉంది. వెడల్పాటి కారు టైరు వేగంగా వెళ్తే కింద నీటి పొర ఇరుక్కుని, టైరు నీటి మీద తేలిపోయే ప్రమాదం ఉంది. గీతలు ఆ నీటిని బయటకు పంపుతాయి. ఈ తేలిపోయే వేగం టైరులోని గాలి ఒత్తిడిని బట్టి పెరుగుతుంది. విమానాల టైర్ల కోసం రూపొందించిన ప్రసిద్ధ సూత్రం ప్రకారం 60 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి 60 పౌండ్లు) ఒత్తిడి దగ్గర అది గంటకు 120 కిలోమీటర్ల పైమాటే. సైకిల్ ఆ వేగం ఎన్నడూ అందుకోదు.

కాబట్టి తారు రోడ్డు మీద మనల్ని పట్టి ఉంచేది రబ్బరు స్వభావం, అది రోడ్డును తాకే విస్తీర్ణం. గుబ్బలు మట్టిలో, బురదలో పనికొస్తాయి. తారు మీద అవి వంగుతూ శక్తిని తింటాయి, త్వరగా అరిగిపోతాయి, పైగా రోడ్డును తాకే రబ్బరును తగ్గిస్తాయి. దారిలో ఎక్కువ భాగం తారు, సిమెంటు రోడ్లే అయితే నడుమ నునుపుగా, అంచుల్లో చిన్న గీతలతో ఉన్న టైరు మంచిది. తడిసిన మ్యాన్‌హోల్ మూత మీద, రోడ్డుపై వేసిన తెల్ల రంగు గీతల మీద, తొలకరి వానకు తేలిన నూనె జిడ్డు మీద ఏ ట్రెడ్డూ కాపాడదు. అక్కడ వేగం తగ్గించడమే మందు.

రంధ్రం చెప్పే సాక్ష్యం

మీ దారిలో టైరుకు శత్రువు ఎవరో తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. పంక్చర్ అయిన ట్యూబును చూస్తే చాలు. ప్యాచ్ వేసే ముందు రంధ్రం ఎక్కడుందో గమనించండి.

రోడ్డు వైపు ఒకే రంధ్రం ఉంటే అది బయటి వస్తువు పని. రోడ్డు పక్కన సర్కారు తుమ్మ పెరిగే ఊళ్లలో ముళ్లు, ఖాళీ స్థలాల దగ్గర పల్లేరు కాయలు, లారీల రద్దీ ఉన్న దారుల్లో అరిగిన లారీ టైర్ల నుంచి రాలిన సన్నని ఉక్కు తీగ ముక్కలు ఇందుకు ముఖ్య కారణాలు. ఉక్కు తీగ వెంట్రుకలా సన్నగా ఉంటుంది. దాన్ని తీయకుండా కొత్త ట్యూబు వేస్తే మర్నాడు మళ్లీ గాలి పోతుంది. అందుకే టైరు లోపలి వైపంతా గుడ్డతో తుడిచి చూడాలి. ఇలాంటి పంక్చర్లే ఎక్కువైతే నిరోధక పొర ఉన్న టైరుకు డబ్బు పెట్టడం న్యాయం.

పాము కాటులా పక్కపక్కన రెండు గాట్లు ఉంటే తప్పు ముల్లుది కాదు, గాలిది. గాలి తక్కువగా ఉన్న టైరు గుంతలో పడినప్పుడు రిమ్ముకూ రోడ్డుకూ మధ్య ట్యూబు నలిగిపోతుంది. రిమ్ము వైపు రంధ్రం ఉంటే స్పోకుల తలలను కప్పే రిమ్ము టేపు జరిగిపోయిందని అర్థం. కొద్ది రూపాయల టేపుతో పోయే జబ్బు అది. వాల్వు మొదట్లో చినిగితే గాలి తక్కువై ట్యూబు లోపల జారుతూ ఉండి ఉండాలి. ఈ మూడింటికీ ఖరీదైన టైరు మందు కాదు.

గాలి: అన్నిటికన్నా చవకైన రక్షణ

వెనుక చక్రం మీద మొత్తం బరువులో సుమారు 60 శాతం పడుతుంది. 90 కిలోల్లో అది 54 కిలోలు. టైరులో 60 పీఎస్‌ఐ ఉంటే, అంటే చదరపు సెంటీమీటరుకు 4.2 కిలోలు ఉంటే, రోడ్డును తాకే చోటు సుమారు 13 చదరపు సెంటీమీటర్లు. 30 పీఎస్‌ఐ మాత్రమే ఉంటే అది దాదాపు 26కు పెరుగుతుంది. అంటే ప్రతి చుట్టులోనూ టైరు పక్కలు ఎక్కువగా మడత పడతాయి, దారాలు నలుగుతాయి, ట్రెడ్ బాగా ఉండగానే పక్కలు పగులుతాయి. మన దగ్గర ఇది తరచూ జరగడానికి ఒక కారణం ఉంది. చాలా హైబ్రిడ్ సైకిళ్లకు మోటారు సైకిళ్ల వాల్వే ఉంటుంది కాబట్టి పెట్రోలు బంకులో గాలి కొట్టించుకోవచ్చు. అక్కడ స్కూటర్ల అలవాటు కొద్దీ 30 పీఎస్‌ఐ దగ్గర ఆపేస్తారు. 38 మిల్లీమీటర్ల సైకిల్ టైరుకు అది చాలదు.

టైరు పక్కన కనిష్ఠ, గరిష్ఠ ఒత్తిడులు రాసి ఉంటాయి. ఆ రెండింటి నడుమ నుంచి మొదలుపెట్టి, బరువు ఎక్కువైతే కొంచెం పెంచండి, తక్కువైతే కొంచెం తగ్గించండి. వెనుక టైరులో ముందు దాని కంటే 5 నుంచి 10 పీఎస్‌ఐ ఎక్కువ ఉంచండి. అలాగని గరిష్ఠం దాకా బిగించడమూ మంచిది కాదు. గతుకుల రోడ్డు మీద రాయిలా బిగిసిన టైరు సైకిల్‌ను ఎగరేస్తుంది. ఆ కుదుపును మన ఒళ్లే మింగాలి, శక్తీ వృథా. బ్యూటైల్ రబ్బరు ట్యూబులోంచి కూడా గాలి నెమ్మదిగా బయటకు పోతూనే ఉంటుంది. కాబట్టి ఒత్తిడి చూపే మీటరున్న చేతి పంపు ఇంట్లో ఉంచుకుని వారానికోసారి చూసుకోవడం ఉత్తమం.

ఎండలో పెడితే టైరు పేలిపోతుందనే భయం చాలామందిలో ఉంది. 25 డిగ్రీల దగ్గర 60 పీఎస్‌ఐ నింపిన టైరు 45 డిగ్రీలకు వేడెక్కితే ఒత్తిడి సుమారు 65కు, 60 డిగ్రీలకు వేడెక్కితే సుమారు 69కి చేరుతుంది. గరిష్ఠం 75 రాసి ఉన్న మంచి టైరుకు ఇది ప్రమాదం కాదు. ఎండ చేసే అసలు హాని వేరు. అతినీలలోహిత కిరణాలు, గాలిలోని ఓజోన్ కలిసి రబ్బరు అణువుల బంధాలను తెంచుతాయి. సాగి ఉన్న చోట, అంటే టైరు పక్కల్లో, సన్నని పగుళ్లు మొదలవుతాయి. సైకిల్‌ను నీడలో నిలపడం, గాలి లేని టైర్ల మీద నెలల తరబడి వదిలేయకపోవడం పైసా ఖర్చు లేని జాగ్రత్తలు.

కిలోమీటరుకు ఎన్ని పైసలు?

ఇప్పుడు ధర దగ్గరకు వద్దాం. లెక్క కోసం రెండు టైర్లు ఊహించుకుందాం. మొదటిది 500 రూపాయలది, 3,000 కిలోమీటర్లు వస్తుంది. రెండోది నిరోధక పొర ఉన్నది, 1,500 రూపాయలది, 8,000 కిలోమీటర్లు వస్తుంది. టైరు ధర మాత్రమే చూస్తే మొదటిదానికి కిలోమీటరుకు 16.7 పైసలు, రెండోదానికి 18.8 పైసలు. చవకది చవకే.

పంక్చర్ వేయించడానికి 60 రూపాయలు పెట్టి మళ్లీ లెక్కిద్దాం. ముళ్ల దారిలో మొదటి టైరు 500 కిలోమీటర్లకోసారి, రెండోది 4,000 కిలోమీటర్లకోసారి పంక్చర్ అయితే ఖర్చు వరుసగా 28.7 పైసలు, 20.3 పైసలు అవుతుంది. రోజుకు 16 కిలోమీటర్ల చొప్పున 250 పనిదినాలు, అంటే ఏడాదికి 4,000 కిలోమీటర్లు తొక్కేవారికి ఒక్క టైరు మీదే సుమారు 340 రూపాయల తేడా. షిఫ్టుకు అరగంట ఆలస్యమైతే పూట కూలి పోయే కార్మికుడికి, పరీక్షకు వెళ్లే విద్యార్థికి ఆ నష్టం ఈ లెక్కలో పట్టేది కాదు. అదే శుభ్రమైన దారిలో మొదటి టైరు 3,000 కిలోమీటర్లకోసారి మాత్రమే పంక్చర్ అయితే ఖర్చు 18.7 పైసలే. అక్కడ 1,500 రూపాయలు పెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఈ అంకెల స్థానంలో మీ ఊరి ధరలు, మీ పంక్చర్ల లెక్క వేసుకుంటే మీ జవాబు మీకే వస్తుంది.

టైరుకు టైరుకు ఆయుష్షు ఎంత తేడా ఉంటుందో చెప్పడానికి ఒక ఉదాహరణ. జర్మనీకి చెందిన ష్వాల్బే సంస్థ తన మామూలు రకాలు 2,000 నుంచి 5,000 కిలోమీటర్లు, మారథాన్ రకాలు 6,000 నుంచి 12,000 కిలోమీటర్లు వస్తాయని చెబుతుంది. మన దేశంలో సైకిల్ పరిశ్రమకు కేంద్రమైన లూధియానాలో తయారయ్యే టైర్లు ఇంతకంటే చాలా తక్కువ ధరకు దొరుకుతాయి. సైకిల్, రిక్షా టైర్లకు భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 2414 అనే ప్రమాణాన్ని నిర్దేశించింది. ఐఎస్ఐ గుర్తు ఉందేమో చూడండి.

ఎక్కడ ఆదా చేయవచ్చు?

మడత పెట్టడానికి వీలైన తేలికపాటి టైర్లకు ధర ఎక్కువ. వాటి అంచుల్లో ఉక్కు తీగ బదులు అరామిడ్ నార ఉంటుంది. రోజువారీ ప్రయాణానికి తీగ అంచు టైరు చాలు. రెండు చక్రాలకూ ఖరీదైన టైరే వేయనక్కర్లేదు. పంక్చర్లు ఎక్కువయ్యేది బరువు పడే వెనుక చక్రానికే కాబట్టి నిరోధక పొర ఉన్న టైరును అక్కడ వేసి, ముందు మామూలుది ఉంచుకోవచ్చు. రెండూ ఒకే రకమైతే మరో పద్ధతి ఉంది. వెనుక టైరు త్వరగా అరుగుతుంది. అది అరిగాక పారేసి, ముందు టైరును వెనక్కి మార్చి, కొత్తదాన్ని ముందు వేయండి. ముందు చక్రం జారితే సైకిల్‌ను నిలబెట్టుకోవడం చాలా కష్టం, అందుకే మంచి టైరు ఎప్పుడూ ముందుండాలి.

టైరుకూ ట్యూబుకూ మధ్య వేసే ప్లాస్టిక్ పట్టీ చవకైన ఉపాయం. ముళ్లను బాగానే ఆపుతుంది. దాని కొసలు ట్యూబును రుద్దకుండా ఇసుక కాగితంతో నున్నగా చేసి వేయించుకోవాలి. చిన్న ఊళ్లలో 28 × 1½ ట్యూబులు దొరికినంత సులువుగా 700సి ట్యూబులు దొరకవు. ఒకటి సంచిలో ఉంచుకోవడం మంచిది. చీకట్లో ప్రయాణించేవారు పక్కల్లో వెలుతురును తిప్పికొట్టే తెల్ల పట్టీ ఉన్న టైరు ఎంచుకుంటే పక్క నుంచి వచ్చే వాహనాలకు కనిపిస్తారు.

ఎప్పుడు మార్చాలో టైరే చెబుతుంది. గుండ్రని నడిభాగం చదునుగా అరిగిపోయి పంక్చర్లు పెరిగినా, దారాలు బయటపడినా, పక్కల్లో లోతైన పగుళ్లు వచ్చినా, ఎక్కడైనా బుడిపె లేచినా ఇక ఆలస్యం చేయకూడదు. పాత టైరు ముక్కను లోపల అతికించి నడపడం ఇంటిదాకా చేరడానికి పనికొస్తుంది, నెలల తరబడి తిరగడానికి కాదు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం దేశంలో సుమారు సగం ఇళ్లలో సైకిల్ ఉంది. పెట్రోలు అడగని ఈ వాహనాన్ని రోడ్డు మీద ఉంచేవి చాలావరకు టైర్లే. ఈసారి పంక్చర్ షాపు దగ్గర ఆగినప్పుడు ట్యూబు నీళ్ల తొట్టిలో మునిగేదాకా నిలబడి చూడండి. బుడగలు ఎటు వైపు నుంచి వస్తున్నాయో చూస్తే, మీరు కొనవలసింది కొత్త టైరో, రిమ్ము టేపో, లేక మీటరున్న పంపో అక్కడే తెలిసిపోతుంది.